తూకానికి అందని మితం

చైనాకు నైరుతి మూలనున్న సిచువాన్ రాష్ట్రంలో పుట్టి, ఈశాన్య కొసనున్న హేలుంగ్‌జియాంగ్ దాకా, అటుపైన ఎన్నో దేశాల నగరాల దాకా వ్యాపించిన ఒక భోజన పద్ధతిని మాలాతాంగ్ అంటారు. ఈ పేరులో మూడు చీనీ మాటలున్నాయి: ‘మా’ అంటే తిమ్మిరి, ‘లా’ అంటే కారం పుట్టించే మంట, ‘తాంగ్’ అంటే కాగుతున్న ద్రవంలో ముంచి ఉడకబెట్టడం. బల్ల మధ్య పొయ్యి మీద కుండ పెట్టుకొని నలుగురూ చుట్టూ చేరి తినే హువోగువోకు, అంటే లోకం హాట్‌పాట్ పేరుతో ఎరిగిన వంటకానికి, ఇది దగ్గరి చుట్టమే అయినా దీని వడ్డన తీరు వేరు. భోజనశాలకు వచ్చినవారు ఒక వెడల్పాటి గిన్నె, ఒక పట్టకారు తీసుకొని, చల్లటి అరల ముందు నడుస్తూ తమకు నచ్చిన పదార్థాలను తామే గిన్నెలో వేసుకుంటారు. గిన్నెను కాటా మీద పెట్టి, బరువును బట్టి డబ్బు చెల్లించి, ఒక అంకె వేసిన బిళ్ళ తీసుకొని కూర్చుంటారు. వంటమనిషి ఆ సరుకును తీగల జల్లెడలో పోసి, మరుగుతున్న రసంలో ముంచి ఉడికించి, ఎవరి గిన్నె వారికి అందిస్తాడు.

మత గ్రంథాలూ దర్శనాలూ రెండున్నర వేల ఏళ్ళుగా విచారిస్తున్న ఒక ప్రశ్న ఈ భోజన క్రమంలో సూటిగా ఎదురవుతుంది. మామూలు భోజనానికి హద్దులు బయటినుంచి వస్తాయి: ఇంట్లో ఉన్న సరుకు, వండేవారి ఓపిక, విస్తరి వైశాల్యం, వడ్డించే చెయ్యి, పండుగ, ఉపవాసం, వ్రతం, ఇవన్నీ కలిసి ఏమి తినాలో ఎంత తినాలో చాలావరకు ముందే నిర్ణయిస్తాయి. మాలాతాంగ్ శాలలో ఆ హద్దులు దాదాపుగా తొలగిపోతాయి. డబ్బు చెల్లించగలిగితే నచ్చినదాన్ని నచ్చినంత తీసుకోవచ్చు. అటువంటి చోట ‘ఇక చాలు’ అనే మాట ఎవరు పలకాలి? కాటా బరువు చెబుతుంది, ఆకలి కొరత చెబుతుంది, కోరిక ఇంకా కావాలంటుంది. ఈ మూడింటిలో ఏదీ మితాన్ని చెప్పలేదు. మితం పదార్థపు పరిమాణంలో ఉందా, తినేవాని మనసులో ఉందా, లేక ఆ రెండింటినీ కలుపుతూ, ఎవరూ ఎంచుకోకుండానే అందరికీ అందుతున్న మరొకదానిలో ఉందా అన్నదే ఇక్కడి విచారణ.

ఏటి ఒడ్డు కుండ

మాలాతాంగ్ పుట్టుకను గురించి సిచువాన్‌లో ప్రచారంలో ఉన్న కథనం దాన్ని నదీ కూలీలతో ముడిపెడుతుంది. మిన్, యాంగ్జీ నదుల మీద మోటారు పడవలు రాకముందు, ప్రవాహానికి ఎదురుగా సరుకు పడవలు సాగాలంటే ఒడ్డు వెంట నడుస్తూ వాటిని తాళ్ళతో లాగే మనుషులు కావలసి వచ్చేవారు. మంచూ తేమా విడవని ఆ లోయల్లో ఆ కూలీలు రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టి, ఏటి నీళ్ళు పోసి, దొరికిన ఆకులూ దుంపలూ అందులో వేసి, మిరపకాయలూ హువాజియావో కాయలూ కలిపి కాచుకొని తినేవారని, ఒంట్లో చేరిన చెమ్మను ఆ ఘాటు విరుస్తుందని నమ్మేవారని చెబుతారు. తరువాతి కాలంలో వీధి బండ్ల మీద వెదురు పుల్లలకు గుచ్చిన ముక్కలను రసంలో ఉడికించి ఇచ్చి, తిన్నాక మిగిలిన పుల్లలను లెక్కపెట్టి డబ్బు తీసుకునే పద్ధతి వచ్చింది. పుల్లల స్థానంలో కాటా వచ్చిన రూపం ఈశాన్య చైనాలో బలపడి, 2000 తరువాత హర్బిన్ కేంద్రంగా ఎదిగిన గొలుసు దుకాణాల ద్వారా దేశమంతా పాకింది. అక్కడి చలికి తగినట్టు ఎముకలు మరిగించి తీసిన తెల్లని రసమూ నువ్వుల ముద్దా చేరడంతో, ముక్కలతోపాటు రసాన్ని కూడా తాగగలిగే వంటకంగా అది మారింది. 2024 మార్చిలో గాన్సు రాష్ట్రపు తియాన్‌షుయ్ నగరానికి కేవలం అక్కడి మాలాతాంగ్ తినడానికి, గాంగు ప్రాంతపు మిరప కారంతో, బంగాళాదుంప పిండితో చేసే వెడల్పాటి సేవలతో కలిపి దాన్ని రుచి చూడడానికి, దూర దూరాల నుంచి జనం తండోపతండాలుగా తరలివచ్చారు.

ఈ వంటకానికి ప్రాణమైన రెండు ఘాటులలో హువాజియావో చైనాకు ప్రాచీనమైనది. నిమ్మ కుటుంబానికి చెందిన ఈ కాయకు మిరియంతో పేరులో తప్ప వృక్షశాస్త్ర సంబంధం లేదు, నేపాల్‌లో తిమూర్ అనీ కొంకణంలో తిర్ఫల్ అనీ పిలిచేవి దాని జ్ఞాతులు. మిరపకాయ అలా కాదు. అమెరికా ఖండాలలో పుట్టిన ఆ కాయ 16వ శతాబ్దంలో సముద్రం దాటింది. 1591 నాటి ఒక చీనీ గ్రంథంలో గావ్ లియాన్ దాన్ని చూడముచ్చటైన మొక్కగా వర్ణించాడు. అది వంటలోకి దిగింది 18వ శతాబ్దపు తొలి దశల్లో, ఉప్పు దొరకని గ్వీజౌ కొండల్లో. అక్కడి జనం ఉప్పుకు మారుగా మిరపను వాడుతున్నారని ఆనాటి స్థానిక వృత్తాంతాలు నమోదు చేశాయి. తెలుగు నేలకూ ఇదే కాయ పోర్చుగీసు వర్తకుల ద్వారా ఇంచుమించు అదే కాలంలో చేరి, అంతకుముందు ఘాటుకు ఆధారమైన మిరియాన్ని పక్కకు నెట్టి, చివరకు గుంటూరు పేరునే తన పేరుగా చేసుకున్నది కనుక, లేనివాని కంచంలో ఎర్రటి కారం ఏమి చేయగలదో తెలుగు పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. పప్పూ కూరా లేని పూట ఉట్టి అన్నాన్ని లోపలికి పంపగలిగినది కారమే. ఆ విధంగా చూస్తే మాలాతాంగ్‌లోని ఘాటు లేమి చేతిలో పుట్టింది. కూలీల కుండకు మితాన్ని దారిద్ర్యమే విధించింది. నేటి చల్లటి అరల ముందు ఆ విధింపు తొలగింది గాని, లేమిని ఓర్చుకోవడానికి కనిపెట్టిన రుచి మాత్రం సమృద్ధి మధ్య అలాగే నిలిచి, ఆకలిని తీర్చడానికి బదులు ఆకలిని రేపే పనికి కుదిరింది.

తిమ్మిరి, మంట, రుచి

శరీరశాస్త్రం ప్రకారం ‘మా’, ‘లా’ రెండూ అసలు రుచులే కావు. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం నాలుక మీది రుచి మొగ్గలను వదిలి, వేడి వల్ల కలిగే నొప్పిని పసిగట్టే నాడీ గ్రాహకాన్ని తాకుతుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి మేల్కొనే ఆ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించగా, ఆ కృషికి 2021లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. అంటే కారం తిన్నవారి నోరు నిజంగా కాలకపోయినా, కాలుతున్నదనే వార్త మెదడుకు అందుతుంది. హువాజియావోలోని సాన్‌షూల్ అనే పదార్థం స్పర్శనాడులను కదిలిస్తుంది. 2013లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, అది పూసిన పెదవులకు సెకనుకు సుమారు 50 సార్లు అదురుతున్న అనుభూతి కలిగినట్టు తేలింది. ఒకటి లేని మంటను, మరొకటి లేని కంపనాన్ని కల్పిస్తాయి. ఈ రెండు భ్రాంతుల కలయికనే సిచువాన్ వంట పరమ రుచిగా ఎంచుతుంది.

ఇటువంటి అనుభవాన్ని సంప్రదాయాలు అనుమానంతోనే చూశాయి. లావోజీ పేరిట నిలిచిన దావో దే జింగ్ పన్నెండవ అధ్యాయం, ఐదు రంగులు కంటినీ ఐదు స్వరాలు చెవినీ ఎలా మొద్దుబారుస్తాయో అలాగే ఐదు రుచులు నోటిని చెడగొడతాయని హెచ్చరిస్తుంది; రుచి ఎక్కువైన కొద్దీ రుచిచూసే శక్తి తగ్గుతుందన్నది అందులోని భావం. భగవద్గీత పదిహేడవ అధ్యాయం మిక్కిలి కారమూ మిక్కిలి వేడీ దహించే గుణమూ ఉన్న ఆహారాన్ని రజోగుణం గలవారికి ఇష్టమైనదిగా, దుఃఖాన్నీ రోగాన్నీ తెచ్చేదిగా వర్గీకరించింది. రజోగుణమంటే మనసును ఎక్కడా నిలవనీయక పరుగెత్తించే కదలిక. సలసల మరిగే ఎర్రటి మాలాతాంగ్ గిన్నెను ఈ రెండు గ్రంథాల ముందు పెడితే తీర్పు తేలికే అనిపిస్తుంది.

అయితే ఆ తీర్పు పదార్థం మీద పడి అక్కడే ఆగిపోతే అసలు సంగతి జారిపోతుంది. కన్ఫ్యూషియస్ సంప్రదాయపు నాలుగు ప్రధాన గ్రంథాలలో ఒకటైన జోంగ్‌యోంగ్, అంటే మధ్యమ మార్గాన్ని వివరించే గ్రంథం, దారి తప్పడానికి కారణం చెబుతూ భోజనాన్నే ఉపమానంగా తెస్తుంది: తినని మనిషి, తాగని మనిషి లేడు, కాని తింటున్నదాని రుచి ఎరిగినవారు అరుదు. అతిగా పోయేవారూ అందుకోలేనివారూ ఇద్దరూ మధ్యమాన్ని పోగొట్టుకోవడానికి ఈ ఎరుక లేకపోవడమే మూలమని ఆ గ్రంథం ఉద్దేశం. దీని వెలుగులో చూస్తే, నాలుక తిమ్మిరెక్కడం కన్నా మనసు తిమ్మిరెక్కడం పెద్ద నష్టం. కారం లేని చప్పిడి మెతుకులను కూడా మనిషి ఏ స్పృహా లేకుండా మింగగలడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్న గిన్నె ముందు కూడా తామర దుంప చక్రం పంటి కింద కరకరమన్న చప్పుడును, సముద్రపు నాచు ముడి వెనుక మిగిలిన ఉప్పదనాన్ని గమనించగలడు. కాబట్టి మితం ప్రశ్న కారం పాళ్ళతో తీరదు. తినేవాని ఎరుక దగ్గరికి వెళ్ళక తప్పదు.

కాటా ముందు కోరిక

క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దపు చీనీ తాత్త్వికుడు షున్‌జీ కోరికను ఎంత నిజాయితీగా పరిశీలించాడో అంత నిజాయితీగా పరిశీలించినవారు తక్కువ. మనిషి కోరికలతోనే పుడతాడని, వాటికి కొలతా హద్దూ లేకపోతే పోట్లాట పుడుతుందని, అందుకే పూర్వ రాజులు ‘లీ’ని, అంటే ఆచార మర్యాదల వ్యవస్థను, ఏర్పరచారని ఆయన వాదించాడు. ఆ ఆచారాల పని కోరికను చంపడమని ఆయన అనలేదు. కోరికలు వస్తువులను హరించివేయకుండా, వస్తువులు కోరికల ముందు చాలకపోకుండా, రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకొని పెరిగేలా పోషించడమే వాటి పని అన్నాడు. సమాజంలో క్రమమైనా అక్రమమైనా కోరికల సంఖ్య వల్ల రాదని, మనసు దేనికి ఒప్పుదల ఇస్తుందో దాని వల్లనే వస్తుందని కూడా ఆయన స్పష్టం చేశాడు. దీనినిబట్టి, వందకు దగ్గరగా పదార్థాలు పేర్చిన అరలను చూసి ఇన్ని రకాలెందుకని విసుక్కోవడం తాత్త్విక విమర్శ కాజాలదు. రకాలు కోరికను పిలుస్తాయి, నిజమే. ఆ పిలుపుకు పట్టకారు పట్టిన చెయ్యి కదిలేముందు మనసు ఒప్పుకున్నదా, అసలు మనసును ఎవరైనా అడిగారా అన్నదే ప్రశ్న.

షున్‌జీ వాడిన ఉపమానాలలో కాటా కూడా ఉండడం విశేషం. త్రాసు సరిగా లేనప్పుడు బరువైన వస్తువు పైకి లేస్తుంది, చూసేవాడు దాన్ని తేలికని నమ్ముతాడు. తేలికైనది కిందికి దిగుతుంది, దాన్ని బరువని నమ్ముతాడు. అలాగే మనసులోని త్రాసు వంకరైతే కీడు కోరదగినదిగా, మేలు వదలదగినదిగా కనిపిస్తుందని ఆయన వివరించాడు. మాలాతాంగ్ శాలలోని కాటా తన పనిలో తప్పు చేయదు. 500 గ్రాములకు సమానమైన ఒక జిన్‌కు ఇంత ధర అని ముందే రాసి ఉంటుంది, చాలా దుకాణాల్లో ఆకుకూరకూ మాంసానికీ అదే ధర వర్తిస్తుంది. కడిగిన పాలకూర నుంచి కారే నీటి చుక్కను, పలుచగా చుట్టిన మాంసపు పొరను, చిన్న నాచు ముడిని ఆ కాటా ఒకే అంకెగా మారుస్తుంది. భారతీయ దర్శనాలు సమదృష్టి అని కొనియాడినది ఇది కాదు. సమదృష్టి భేదాలను పూర్తిగా ఎరిగి వాటిని దాటే చూపు. కాటాకు భేదమే తెలియదు. ఒక జంతువు ప్రాణం ఖర్చయిన పదార్థానికీ ఒక వాన వల్ల మొలిచిన ఆకుకూ మధ్య ఉన్న తేడాను అంకె తుడిచివేసినప్పుడు, దాన్ని తిరిగి చూడవలసిన బాధ్యత తినేవాని మీద పడుతుంది.

భోజనపు కొలత గురించి పాళీ వాఙ్మయంలోని సంయుత్త నికాయం చెప్పే ఒక వృత్తాంతం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. కోసల రాజు పసేనది ద్రోణం కొలత అన్నం, అంటే ఒక మనిషికి మిక్కిలి ఎక్కువైన పరిమాణం, తిని ఆయాసపడుతూ బుద్ధుని వద్దకు వచ్చాడు. మెలకువతో ఉండి భోజనంలో మాత్ర ఎరిగినవానికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు తన వెనుక నిలబడిన సుదస్సనుడనే బాలుణ్ణి ఆ గాథ నేర్చుకొమ్మని, ప్రతి భోజన సమయంలో దాన్ని చదివి వినిపిస్తే రోజుకు నూరు కహాపణాలు, అంటే ఆనాటి నాణేలు, ఇస్తానని నియమించాడు. బాలుడు చదువుతూ వచ్చాడు, రాజు క్రమంగా ద్రోణం నుంచి నాళిక అనే చిన్న కొలతకు దిగివచ్చి, తేలికైన తన దేహాన్ని తానే నిమురుకొని సంతోషించాడు. ఈ కథలో ఎవరూ రాజు కంచాన్ని లాక్కోలేదు, వడ్డనకు నిషేధమూ విధించలేదు. తింటున్న వేళకు ఒక స్మృతి, అంటే చేస్తున్న పనిని మరువని ఎరుక, వచ్చి పక్కన నిలబడింది. కాటా గిన్నెను తూస్తుంది. ఆ బాలుని గొంతు తినేవాణ్ణి తూచింది. బౌద్ధులు ‘భోజనే మత్తఞ్ఞుతా’ అని పిలిచే గుణానికి, అంటే భోజనంలో మాత్ర ఎరిగి ఉండడానికి, ఇంతకన్నా చక్కని రూపం దొరకదు.

మాత్ర అనే మాటను ఆయుర్వేదం మరింత నిర్దిష్టం చేసింది. తగిన మాత్రలో తినాలని నియమం చెప్పిన చరక సంహిత, ఆ మాత్ర ఎంతో అంకెలో చెప్పదు. అది తినేవాని జఠరాగ్ని బలాన్ని బట్టి ఉంటుందని, ఏ పరిమాణం దేహప్రకృతిని చెదరగొట్టకుండా సకాలంలో జీర్ణమవుతుందో అదే ఆ మనిషికి మాత్ర అని నిర్వచిస్తుంది. ఇద్దరు మనుషులకు ఒకే బరువు ఒకే మాత్ర కాదు; ఒకే మనిషికి నిన్నటి మాత్ర నేటిది కాకపోవచ్చు. తెలుగు నేలతో ఈ ఆలోచనకు సూటియైన సంబంధం కూడా ఉంది. కృష్ణా తీరంలోని నాగార్జున కొండకు ఎవరి పేరు నిలిచిందో ఆ నాగార్జునాచార్యుడు శాతవాహన రాజుకు రాసినట్టు సంప్రదాయం చెప్పే సుహృల్లేఖ, అంటే మిత్రునికి లేఖ, ఆహారాన్ని ఔషధంలా స్వీకరించాలని, రాగమూ ద్వేషమూ లేకుండా, బలుపు కోసమో గర్వం కోసమో కాక దేహం నిలవడానికి మాత్రమే తినాలని బోధిస్తుంది. ఆ లేఖ చీనీ భాషలోకి మూడుసార్లు అనువాదమైంది. వాటిలో ఒకటి చేసిన యీజింగ్ (635–713) భారతదేశంలో స్వయంగా ఏళ్ళ తరబడి చదువుకున్న భిక్షువు. మితాన్ని గురించిన ఒక దక్షిణాపథపు ఉపదేశం, మిరపకాయ చైనాకు చేరడానికి తొమ్మిది వందల ఏళ్ళ ముందే అక్కడి భాషలో అందుబాటులో ఉన్నదన్నమాట.

ఎవరూ ఎంచుకోని రసం

ఇంతవరకు చెప్పినది తినేవానికి సంబంధించినది. గిన్నెలో మరొకటి ఉంది. అరల ముందు నడిచిన మనిషి పుట్టగొడుగులను ఎంచుకున్నాడు, పిట్టగుడ్లను వద్దనుకున్నాడు, పాలకూరను కొంచెం, చిలగడదుంప పిండి సేవలను ఎక్కువ తీసుకున్నాడు. కాని ఈ ముక్కలన్నీ వంటకమయ్యేది రసంలో, ఆ రసం ఎంత కారంగా ఉండాలో చెప్పగలిగినా, తెల్లవారకముందే పొయ్యెక్కిన దాన్ని ఎవరూ పట్టకారుతో పట్టి గిన్నెలో వేసుకోలేదు, దాన్ని ఎవరూ తూచలేదు. గడ్డకట్టించిన టోఫూ ముక్కను దగ్గరగా చూస్తే ఈ సంగతి కంటికే తెలుస్తుంది. సోయా పాల నుంచి చేసిన టోఫూను గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచు పలుకులై, కరిగినప్పుడు వాటి చోట వందలాది సన్నని గుల్లలు మిగులుతాయి. తూకం వేసేటప్పుడు చప్పగా, రుచిలేకుండా ఉన్న ఆ ముక్క కుండలో మునిగి తేలేసరికి గుల్లగుల్లకూ రసాన్ని నింపుకొని, పంటి కింద నొక్కగానే తాను ఎంచుకోని రుచినంతా వదులుతుంది. దాని విలువంతా దానిలోని ఖాళీలో ఉంది.

రసాన్ని గురించి చైనా తాత్త్వికత చాలా ముందే ఆలోచించింది. క్రీస్తు పూర్వం 522లో ఛీ రాజ్యపు మంత్రి యెన్ యింగ్ తన రాజుకు ఇచ్చిన సమాధానం జువోజువాన్ అనే చరిత్ర గ్రంథంలో నిలిచింది. ఒక సేవకుడు తనతో చక్కగా పొందికగా ఉంటాడని రాజు అనగా, అతడు చూపేది పొందిక కాదు, ఏకరూపతే అని యెన్ యింగ్ విడదీసి చెప్పాడు. పొందిక రసం వంటిది: నీరు, నిప్పు, పులుపు, ఉప్పు, రేగు వంటి పుల్లని పండు, చేప, మాంసం అన్నీ తమ తేడాలతోనే అందులో చేరతాయి, తక్కువైనదాన్ని కలిపి, ఎక్కువైనదాన్ని తగ్గించి వంటవాడు వాటిని కుదురుస్తాడు, అది తిన్నవాని మనసు శాంతిస్తుంది. నీళ్ళకు నీళ్ళు కలిపితే ఎవరు తాగుతారన్నది ఆయన ప్రశ్న. ఈ బోధ రాజ్య పాలన గురించే అయినా, అది మాలాతాంగ్ గిన్నెకు అక్షరాలా వర్తిస్తుంది. ఎంపికలు ఎన్ని ఉన్నా అవి ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నంతకాలం సరుకు మాత్రమే. వాటి మధ్య పొందికను తెచ్చేది, ఎంపికకు ముందునుంచే ఉన్న ఉమ్మడి రసం. మనిషి స్వేచ్ఛ కూడా ఇటువంటిదే కావచ్చు. తాను ఎంచుకున్నవాటితో జీవితం నింపుకుంటున్నానని నమ్మే మనిషి మాట్లాడే భాషను, పుట్టిన ఇంటిని, తన ఆకలిని, ఆ ఆకలి తీర్చే నేలను ఎంచుకోలేదు. ఎంచుకున్నవన్నీ రుచి తెచ్చుకునేది మాత్రం వాటిలోనే.

ఉమ్మడి రసం శుచి ప్రశ్నను కూడా వెంట తెస్తుంది. ఒకే కుండలో ఒకరి మాంసమూ మరొకరి ఆకుకూరా మునిగే చోట శాకాహారి ఏమి చేయాలన్నది భారతీయ పాఠకునికి తోచే మొదటి సందేహం. ఎంగిలి విషయంలో భారతీయులు పాటించే కట్టుబాటును యీజింగ్ కూడా తన యాత్రా గ్రంథంలో ప్రత్యేకంగా వివరించి, తన దేశపు భిక్షువులు దాన్ని నేర్చుకోవాలని కోరాడు. శాకాహారి సందేహానికి చైనా బౌద్ధం ఇచ్చిన ఒక జవాబు హుయ్‌నెంగ్ (638–713) జీవితంలో ఉంది. చాన్ సంప్రదాయపు ఆరవ గురువైన ఆయన ప్రాణభయంతో పదిహేనేళ్ళు వేటగాళ్ళ మధ్య దాగి బతికినప్పుడు, వారు మాంసం వండే కుండలోనే తన కూరాకులు వేసి ఉడికించుకొని, అడిగినవారికి తాను మాంసం పక్కనున్న ఆకులను మాత్రమే తింటానని చెప్పాడని వేదికా సూత్రం వివరిస్తుంది. ఆయన కుండను శుద్ధి చేయమని వేటగాళ్ళను అడగలేదు, తన నియమాన్ని వదులుకోనూ లేదు. ఉమ్మడి కుండలో తన చెయ్యి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్ళింది. నియమం ఉన్నవారు విడి కుండ కోరుకోవడం వారి హక్కు, దాన్ని తక్కువ చేయడానికి ఈ కథ పనికిరాదు. కాని ఇతరులతో కుండ పంచుకోక తప్పని లోకంలో ఎంపిక ఎంత శుభ్రంగా, ఎంత మృదువుగా ఉండగలదో ఇది చూపిస్తుంది.

బిళ్ళ పట్టుకొని ఎదురుచూసే వేళ

ఎవరూ ఎంచుకోనిది గిన్నెలో ఇంకొకటి కూడా ఉంది; అది వంటవాని శ్రమ. జపాన్ భిక్షువు డోగెన్ 1223లో చైనాకు వచ్చి, నేటి నింగ్‌బో రేవులో ఓడ మీదే ఉండగా, అరవై ఒక్క ఏళ్ళ ఒక వృద్ధ భిక్షువు పుట్టగొడుగులు కొనడానికి ఆ ఓడ ఎక్కాడు. ఆయన అశోకుని పేరు మీద వెలసిన ఆయువాంగ్ మఠంలో వంట అధికారి. పుట్టి పెరిగినది సిచువాన్. మర్నాడు పండుగ కావడంతో భిక్షువులకు సేవల పులుసు వండాలని పదిహేను కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చానని, వెంటనే తిరిగి వెళ్ళాలని ఆయన చెప్పాడు. రాత్రికి ఉండిపొమ్మని డోగెన్ బతిమాలాడు. ఈ వయసులో ధ్యానం చేసుకోక వంటపని ఎందుకని అడిగాడు. వృద్ధుడు నవ్వి, సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదని చెప్పి చీకటి పడేలోగా బయలుదేరాడు. 1237లో మఠపు వంటవారి కోసం డోగెన్ రాసిన ఉపదేశ గ్రంథానికి ఈ కలయిక ఒక ప్రధాన ప్రేరణ. నేటి మాలాతాంగ్ అరలో మెరిసే పుట్టగొడుగుల వెనుక కూడా అటువంటి నడకలు ఉన్నాయి. తినేవారి కంటికి అవి కనిపించవు, కాటా మీద వాటికి బరువు లేదు.

చైనా మఠాలలో భోజనశాలను ఊగువాన్‌తాంగ్, అంటే ఐదు పర్యాలోచనల శాల, అంటారు. వినయ, అంటే భిక్షు నియమాల, పండితుడు దావోషువాన్ (596–667) స్థిరపరచిన ఆ పర్యాలోచనలలో మొదటిది, ఈ భోజనం వెనుక ఎంత శ్రమ ఉందో లెక్కించుకొని, ఇది ఎక్కడినుంచి వచ్చిందో తూచుకోవడం. రెండవది, దీన్ని అందుకోగల యోగ్యత తనకుందా అని చూసుకోవడం. మూడవది, మనసును లోభం నుంచి కాపాడుకోవడం. నాలుగవది, ఆహారాన్ని ఔషధంగా భావించడం. ఐదవది, మార్గసాధన కోసమే దీన్ని స్వీకరిస్తున్నానని తలచుకోవడం. వీటి వరుసలోనే మితం రహస్యం ఉంది. లోభాన్ని అణచుకొమ్మన్న మాట మూడవ చోట వస్తుంది. దానికి ముందు శ్రమను తూచమన్న మాట ఉంది. తనకు అందినదాని వెనుకనున్న చేతులను చూసిన మనసుకు, తన చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పడానికి వేరొక నిషేధం అవసరం కాదు. ఆహార వ్యర్థాన్ని నిరోధిస్తూ చైనా 2021 ఏప్రిల్ 29న చేసిన చట్టం భోజనశాలలను, తినేవారిని హెచ్చరించగలదు, మిగుల్చినదానికి రుసుము వసూలు చేసే అధికారం ఇవ్వగలదు. అది మంచి పనే. అయినా గిన్నెలో మిగిలిన ముక్కను చూసి లోపల నొచ్చుకునే గుణాన్ని చట్టం నాటలేదు, ఆ పర్యాలోచన మాత్రమే నాటగలదు.

మాలాతాంగ్ శాలలో ఐదు పర్యాలోచనల పలక వేలాడదు, గాథ చదివే బాలుడూ ఉండడు. కాని అక్కడ ఒక విరామం ఉంది. తూకం అయిపోయి, గిన్నె వంటగది కిటికీలోకి వెళ్ళిపోయి, అంకె వేసిన బిళ్ళ చేతిలో మిగిలిన ఆ కొద్ది నిమిషాలలో తినేవానికి చేయడానికి పనేమీ లేదు. ఎంచుకోవడం ముగిసింది, తినడం మొదలుకాలేదు. జల్లెడ రసంలో మునిగి లేచిన చప్పుడు వినిపిస్తుంది, ఆవిరి వెనుక చెమట తుడుచుకుంటున్న మనిషి కనిపిస్తాడు. ఆ వేళను చూపుతో నింపుకున్నవాడు ఈ పూట ఎక్కువే వేసుకొని ఉండవచ్చు. పసేనది రాజు కూడా ఒక్క రోజులో ద్రోణం నుంచి నాళికకు దిగలేదు. అయినా అంకె పిలిచినప్పుడు అతడు రెండు చేతులతో గిన్నెను అందుకుంటాడు, టోఫూ గుల్లల్లోని రసం చివరి చుక్క దాకా తింటాడు. మరోసారి అరల ముందు నిలబడినప్పుడు, గిన్నె నిండకముందే పట్టకారును దాని చోట పెట్టివేస్తాడు.